నెలకు ఇరవై ఒక్క లక్షలు

మొన్న మూడో పీరియడ్ లేకపోతే క్యాంటీన్‌లో కూర్చున్నాం. "మీ అక్కా బావా చిలీలో ఉన్నారంట కదా, బావకు నెలకు ఇరవై లక్షల జీతమంట కదా" అని ఒకమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. అబద్ధమేం కాదు. మా బావ జీతం అక్షరాలా నెలకు 21 లక్షలు. కాకపోతే అవి పెసోలు. 2024 లెక్కన ఒక రూపాయికి దాదాపు 11 పెసోలు. భాగించి చూస్తే లక్షా తొంభై వేల రూపాయలు అవుతుంది. "అదైనా తక్కువా ఏమి?" అంది ఆ పిల్ల. సరిగ్గా ఈ మాటే మా నాయన కూడా మార్చి నెలలో అన్నాడు. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో ఒక లోను, ఒక చీటీ లేచాయి. ఆ సంగతి తరవాత చెప్తాను. ముందు ఆ ఊళ్లో డబ్బు ఎట్లా ఖర్చవుతుందో చెప్పాలి.

చిలీ దక్షిణ అమెరికా ఖండంలో పడమటి అంచున, ఆండీస్ కొండలకూ పసిఫిక్ సముద్రానికీ మధ్య సన్నగా, పొడుగ్గా ఉండే దేశం. దేశంలో మూడో వంతు జనం దాకా రాజధాని శాంటియాగోలోనే ఉంటారు. మనవాళ్లకు ఆ దేశం కొత్తేమీ కాదు. ఉత్తరాన ఇకీకే ఊళ్లో 1975లో పన్నులేని వ్యాపార మండలం పెట్టాక సింధీ వ్యాపారులు వెళ్లి స్థిరపడ్డారు. దక్షిణపు కొసన పుంతా అరేనాస్‌లోనూ వాళ్ల అంగళ్లున్నాయి. ఈమధ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద తెలుగువాళ్లు, తమిళులు పోతున్నారు. మా బావ అట్లా పోయినవాడే. మా అక్క మన కాలేజీలాంటి కాలేజీలోనే బీకాం చదివింది, పార్ట్ వన్ తెలుగు. పెళ్లికి ముందు ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్లు పనిచేసింది. అందుకే నాకు ఈ వ్యాసానికి కావలసిన సరుకంతా దొరికింది. ఎక్కడున్నా నోటుబుక్కులో పైసాతో సహా రాసుకునే మనిషి ఆమె. (పైసాతో సహా అనకూడదు. చిలీలో పైసల్లేవు. పెసోనే ఆఖరు. ఒక పెసో, అయిదు పెసోల నాణేలు కూడా 2017 చివరి నుంచి ఆపేశారు. బిల్లును పదికి సర్దేస్తారు.)

మొదటి తడబాటు అంకెల దగ్గరే. మనం వేలకు కామా పెడతాం, వాళ్లు చుక్క పెడతారు. మనం దశాంశానికి చుక్క పెడతాం, వాళ్లు కామా పెడతారు. వెళ్లిన వారంలో అక్క సంతలో తమాటాల మీద 1.500 అని రాసి ఉంటే ఒకటిన్నర పెసో అనుకుని మూడు కిలోలు ఎత్తుకుంది. ఆ సంచి ఖరీదు 4,500 పెసోలు, అంటే నాలుగు వందల రూపాయల పైన. అంగడామె ఇంకేదో అడుగుతూ "లూకా, లూకా" అంటోందంట. ఎవరినో పేరుపెట్టి పిలుస్తోందనుకుని అక్క వెనక్కి తిరిగి చూసింది. వెయ్యి పెసోలను బజారు మాటలో లూకా అంటారని మర్నాడు బావ చెప్పాడు.

ఇక బాడుగ. మన మద్రాసులో ఇల్లు తీసుకోవాలంటే అడ్వాన్సు పేరు చెప్పగానే గుండె ఝల్లుమంటుంది, ఆరునెలలు, కొన్నిచోట్ల పదినెలలు. అక్కడ గరాంతియా అని ఒక్క నెల బాడుగే అడ్వాన్సు. ఇది విని మా అమ్మ "ఎంత మంచి దేశమే" అంది. అయితే ఆ అడ్వాన్సు బదులు వాళ్లు కాగితాలు అడుగుతారు. జీతం బాడుగకు మూడింతలు ఉండాలి. ఆఖరి మూడు నెలల జీతం చీటీలు చూపాలి. చాలా ఇళ్లకు ఆవాల్ కావాలంటారు, అంటే ఊళ్లో ఆస్తో ఉద్యోగమో ఉండి మన తరఫున సంతకం పెట్టే హామీదారు. కొత్తగా దిగినవాళ్లకు హామీ ఎవరుంటారు? ఇవన్నిటికంటే ముందు రూత్ కావాలి. అది మన ఆధార్, పాన్ రెండూ కలిసిన నంబరులాంటిది. ఆ నంబరు లేకుండా ఇల్లు, బ్యాంకు ఖాతా, నెలవారీ ఫోను ఏవీ సులువుగా కుదరవు. ఊరికే సూపర్‌మార్కెట్‌లో ఉప్పు ప్యాకెట్ కొన్నా పాయింట్ల కోసం రూత్ చెప్పమంటారు. కార్డు చేతికొచ్చేదాకా ఎక్కువ పోసి రోజుబాడుగ గదిలో ఉండాల్సిందే. ఆ కొన్ని వారాల ఖర్చు ఎవరూ ముందుగా లెక్కలో వేసుకోరు. మావాళ్లూ వేసుకోలేదు.

కాగితాలు కుదిరాక న్యున్యోవా అనే పేటలో రెండు గదుల ఫ్లాటు దొరికింది. మొదటి నెల బాడుగ, అడ్వాన్సు ఒక నెల, మధ్యవర్తి కమీషన్ అర నెల, అన్నీ కలిపి దాదాపు 14 లక్షల పెసోలు ఒక్కసారే కట్టారు. లక్షా పాతికవేల రూపాయలు. ఇందులో సగం బావ దగ్గరుంటే మిగతా సగం మా నాయన ఇక్కడినుంచి పంపాడు.

బాడుగ ఒప్పందంలో "నెలకు 15 ఊ-ఎఫె" అని ఉంది. ఇదేమిటో అర్థం కావడానికి నాకే రెండు ఫోన్లు పట్టింది. కాబట్టి నిదానంగా చెప్తాను. ఊ-ఎఫె నోటు కాదు, నాణెం కాదు. జేబులో పెట్టుకోవడానికి లేదు. అది ఒక కొలత. ధరలు పెరిగే కొద్దీ రూపాయి విలువ తగ్గుతుంది కదా. ఇరవై ఏళ్లకు అప్పిచ్చినవాడికి, ఇల్లు బాడుగకిచ్చినవాడికి అది నష్టం. ఆ నష్టం రాకుండా 1967లో చిలీ ప్రభుత్వం ఈ కొలతను పెట్టింది. అంతకుముందు నెల ధరలు ఎంత పెరిగాయో చూసి, ఆ పెరుగుదలను రోజులకు పంచి, ఒక ఊ-ఎఫెకు ఈరోజు ఇన్ని పెసోలు అని అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటిస్తుంది. మనం బంగారం రేటు చూసినట్టు అక్కడివాళ్లు దీన్ని చూస్తారు. ఇంటి లోన్లు, ఫ్లాటు ధరలు, ఇన్సూరెన్సులు, చాలా బాడుగలు దీనిలోనే చెప్తారు. 2019 ఆఖరికి ఒక ఊ-ఎఫె 28,300 పెసోలు. 2024 ఆగస్టులో 37,700 దగ్గర ఉండింది. అంటే అదే 15 ఊ-ఎఫె బాడుగ ఇల్లు 2019 ఆఖరికి 4,24,500 పెసోలైతే 2024 ఆగస్టులో 5,66,000. ఇంటాయన నోరు విప్పి ఒక్కమాట అడగనక్కరలేదు, బాడుగ దానంతటదే పెరుగుతుంది.

మద్రాసులో ఇంటాయన పదకొండు నెలలకొకసారి వచ్చి బాడుగ పెంచమంటే మనం బతిమాలతాం, ఒక అయిదొందలు తగ్గిస్తాడు. ఊ-ఎఫెతో బేరం లేదు. నాకు ఇందులో అన్యాయంగా తోచేది ఒకటే. బాడుగ ఊ-ఎఫెల్లో ఉంది, మా బావ జీతం మాత్రం పెసోల్లో ఉంది. కంపెనీ ఏడాదికొకసారి పెంచితే పెంచుతుంది, లేకపోతే లేదు. కొత్తగా ఆ దేశం పోయేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే జీతం ఎంత అని కాదు, జీతం ఎన్నాళ్లకొకసారి సవరిస్తారు అని అడగమంటాను.

బాడుగతో అయిపోలేదు. గాస్తోస్ కొమూనెస్ అని ఇంకొకటుంది. మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే. కావలివాడి జీతం, లిఫ్టు, మెట్ల దీపాలు, మరమ్మతులు అన్నీ ఇళ్లకు పంచుతారు. నెలనెలా ఒకే మొత్తం ఉండదు. పాత భవనాల్లో మొత్తం కట్టడానికి కలిపి ఒకే వేడినీటి గొట్టాల ఏర్పాటు ఉంటుంది. చలికాలంలో ఆ ఖర్చంతా ఇందులోకి వచ్చి పడుతుంది. అక్క వాళ్ల పక్క భవనంలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. జూన్ వచ్చిందంటే ఆమెకు బాడుగ కన్నా ఈ బిల్లే భయమంట. అక్క వాళ్లది కొత్త భవనం, ఆ గొట్టాల్లేవు. నెలకు 95,000 పెసోలు. గొట్టాల్లేవంటే ఖర్చు తప్పిందని కాదు. ఇల్లు వెచ్చగా ఉండాలంటే హీటర్ మనమే కొనుక్కోవాలి, కరెంటు మనమే కట్టుకోవాలి. అక్కడి చలికాలం జూన్ నుంచి ఆగస్టు. మనకు ఇక్కడ ఆడి మాసపు గాలి వీస్తుంటే అక్కడ తెల్లారుఝామున సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన ఉంటుంది. చాలా ఇళ్లలో కిరసనాయిల్ స్టవ్ పెట్టుకుంటారు, దాన్ని పారఫీనా అంటారు. మరికొందరు గ్యాసు హీటరు. మన సిలిండర్ 14.2 కిలోలే కదా, అక్కడ 5, 11, 15, 45 కిలోల్లో దొరుకుతుంది. చేతిలో ఉన్న డబ్బును బట్టి చిన్నది కొనుక్కోవచ్చు. నాకు ఆ పద్ధతి నచ్చింది. బండిమీద గ్యాసు తెచ్చేవాడు ఇనుప ముక్కతో సిలిండర్ మీద టంగు టంగుమని కొడుతూ పోతాడంట, మన వీధిలో బజ్జీల బండివాడు బాణలి మీద కొట్టినట్టు.

కరెంటు సంగతి ఇంకొక కథ. 2019లో జనం గొడవ చేశాక కరెంటు రేట్లు పెంచకుండా ఆపేశారు. ఆపిన బాకీ పేరుకుపోయి 2024 జూలై నుంచి మళ్లీ పెంచడం మొదలుపెట్టారు. మావాళ్లు సరిగ్గా ఆ చలికాలానికే వెళ్లారు, అదృష్టం! నీళ్లు మాత్రం సుఖం. శాంటియాగోలో కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. ఉప్పుసారం కాస్త ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, అంతే. మెట్రోవాటర్ లారీ కోసం బిందెలు వరసపెట్టిన ఇంటినుంచి వెళ్లిన మా అక్కకు ఆ ఒక్క విషయంలో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ 2019 గొడవ ఎట్లా మొదలైందో చెప్పాలి, ఎందుకంటే అది కూడా ఖర్చుల కథే. ఆ అక్టోబరులో శాంటియాగో మెట్రోలో రద్దీ వేళ టికెట్టు 800 నుంచి 830 పెసోలు చేశారు. మన లెక్కలో ఆ పెరుగుదల మూడు రూపాయలు. మొదట బడిపిల్లలు టికెట్టు లేకుండా గేట్లు దూకారు, కొద్దిరోజుల్లో దేశమంతా వీధిలోకి వచ్చింది. "ముప్పై పెసోలు కాదు, ముప్పై ఏళ్లు" అన్నది అప్పటి నినాదం. మూడు రూపాయలకు ఇంత గొడవా అని నేనూ అనుకున్నాను. అక్క నోటుబుక్కు చూశాక అట్లా అనుకోవడం మానేశాను. ఇప్పటికీ మెట్రోలో మూడు రేట్లు. అందరూ ఆఫీసుకు పోయే వేళ ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, పొద్దున్నే, రాత్రి పొద్దుపోయాక ఇంకా తక్కువ. బిప్ అనే కార్డు గీస్తే రెండు గంటల్లోపల బస్సు మారినా మెట్రో ఎక్కినా మళ్లీ పూర్తి టికెట్టు కట్టనక్కరలేదు. అక్క స్పానిష్ క్లాసు పదకొండు గంటలకు పెట్టుకుంది. పొద్దున ఎనిమిది గంటల బ్యాచ్‌లో టీచరు బాగా చెప్తాడంట, కానీ అది రద్దీ వేళ.

తిండి విషయంలో మావాళ్లు తొందరగా తెలివి తెచ్చుకున్నారు. వారానికొకసారి ఒక్కో పేటలో ఒక్కో రోజు వీధి మూసేసి ఫెరియా లిబ్రె అని సంత పెడతారు. మన ఉళవర్ సందైలో ఉన్నట్టే కూరగాయలు, పళ్లు. ఇంకా చేపలు, గుడ్లు. సూపర్‌మార్కెట్ కన్నా బాగా చవక. ఇంకా పెద్ద మొత్తంలో కావాలంటే మపోచో ఏటికి అవతల వేగా సెంట్రల్ ఉంది, అది వాళ్ల కోయంబేడు అనుకోండి. సంత ముగిసే వేళకు పోతే ఇంకా తగ్గిస్తారు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, వంకాయలు, కొత్తిమీర, పచ్చిమిరప అన్నీ ఉంటాయి. బెండకాయ, మునక్కాయ, కరివేపాకు ఉండవు. పప్పుల్లో శనగలు, రాజ్మాలాంటి గింజలు, పొట్టుతో ఉండే మసూరి గింజలు ఎక్కడైనా దొరుకుతాయి. కందిపప్పు కావాలంటే మనవాళ్ల కొట్టుకే పోవాలి. కిలో 6,500 పెసోలు, అంటే దాదాపు ఆరువందల రూపాయలు. అందుకని మా అక్క ఇప్పుడు మసూరి గింజలతో సాంబారు చేస్తోంది. కందిపప్పు పండక్కి మాత్రమే. చింతపండు అయిపోతే నిమ్మకాయ. అక్కడ నిమ్మకాయలు బాగుంటాయి. పాలు అట్టపెట్టెల్లో వస్తాయి, నెలల తరబడి పాడు కావు, కానీ మీగడ కట్టవు. ఇక చిలీవాళ్లకు రొట్టె లేకపోతే పొద్దు గడవదు. మర్రాకేతా అని నాలుగు పాళ్లుగా విరిచే రొట్టె, కిలోల లెక్కన తూచి ఇస్తారు, కిలో రెండువేల పెసోల పైన. సాయంత్రం టీ, రొట్టె, పాల్తా (అవకాడో పండు మెత్తగా చేసి ఉప్పు వేసింది) తినేసి దాన్నే రాత్రి భోజనం అనుకునే ఇళ్లు చాలా. రాత్రి అన్నం ఆపి మావాళ్లూ ఆ అలవాటుకొచ్చారు. అలవాటుపడ్డారని నేను అనుకున్నాను. గ్యాసు మిగుల్తుందని అక్క తరవాత చెప్పింది.

రెండు చిన్న సంగతులు. ధరలో పన్ను కలిపే రాస్తారు, 19 శాతం. పైన వేయరు. హోటల్లో బిల్లిచ్చేటప్పుడు పది శాతం కలపమంటారా అని అడుగుతారు, కాదనొచ్చు, కానీ ఎవరూ కాదనరు. మావాళ్లు హోటలుకు పోయింది వచ్చిన కొత్తలో ఒక్కసారే కాబట్టి ఇది వదిలేద్దాం.

వదిలేయకూడనిది క్వోతాలు. ఏ కొట్లో కార్డు ఇచ్చినా కౌంటర్లో అమ్మాయి "క్వోతాలతోనా, లేకుండానా?" అని అడుగుతుంది. అంటే వాయిదాలు. సోఫా, టీవీలకే కాదు, చెప్పులకు, మందులకు, వారం వెచ్చాలకు కూడా వాయిదాలు పెట్టొచ్చు. పెద్ద బట్టల దుకాణాలు సొంత కార్డులు ఇస్తాయి. వస్తువు మీద మొత్తం ధర కన్నా నెల వాయిదా అంకె పెద్దగా కనిపిస్తుంది. "వడ్డీ లేకుండా మూడు" అంటే వేరు, ఊరికే "మూడు" అంటే వేరు. అక్క మొదటిసారి కౌంటర్లో భాష రాక, వేళ్లు మూడు చూపించింది. అది వడ్డీ ఉన్న మూడు. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం, తప్పు వాళ్లదా అక్కదా అని ఇప్పటికీ తేల్లేదు. హీటర్ అట్లా వచ్చింది, రజాయి అట్లా వచ్చింది. జూన్, జూలైలలో వెచ్చాలు కూడా అట్లానే వచ్చాయని ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాయన 21 లక్షలను 11తో భాగించి, అందులో మా పెరంబూరు ఇంటి ఖర్చు లాంటిదొకటి తీసేసి, మిగతాదంతా మిగులు అనుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టను, నేను కూడా పక్కన కూర్చుని ఫోన్లో భాగహారం చేసిచ్చినదాన్నే. మేడమీద రెండు గదులు వేయడానికి లోను తీసుకున్నాడు, నెలకు 34,000. పైగా ఒక చీటీ, 25,000. అక్క మే నుంచి నెలకు 60,000 రూపాయలు పంపింది. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. చుట్టాలు వస్తే అమ్మ మేడమీదికి తీసుకుపోయి గోడలు చూపించేది.

ఆగస్టు ఆఖర్లో గోడపత్రికకు విదేశాల ఖర్చుల మీద ఒక వ్యాసం రాస్తానని మేడమ్‌కు ఒప్పుకుని, ఒక నెల లెక్క ఫోటో తీసి పంపమని అక్కను అడిగాను. ఆమె ఏ ఆలోచనలో ఉందో, ఒక పేజీ కాదు, రెండు పేజీలు పంపింది. మొదటి పేజీలో నేను అడిగింది ఉంది. 21 లక్షల జీతంలో పింఛనుకు పది శాతం, ఆరోగ్యానికి ఏడు శాతం, చిల్లర మల్లర కోతలు, కాస్త ఆదాయపు పన్ను పోను చేతికొచ్చింది 16,75,000. బాడుగ 5,66,000. భవనం ఖర్చు 95,000. కరెంటు 38,000, గ్యాసు 32,000, నీళ్లు 18,000, ఫోన్లు, ఇంటర్నెట్ కలిపి 40,000. బిప్ కార్డులు రెండిటికీ 52,000. సంత 1,20,000, సూపర్‌మార్కెట్ 1,80,000, మనవాళ్ల కొట్టు 35,000. కలిపితే 11,76,000. మిగిలింది 4,99,000 పెసోలు, అంటే 45,000 రూపాయలు. నేను రెండుసార్లు కూడాను. మూడోసారి కాలిక్యులేటర్ మీద కూడాను. 60,000 రూపాయలు పంపాలంటే 6,60,000 పెసోలు కావాలి. నెలకు 1,61,000 తక్కువ.

రెండో పేజీలో ఆ తక్కువ ఎట్లా పూడిందో ఉంది. క్వోతాలు, ఒక్కొక్కటి తేదీతో. హీటర్ పక్కన "రాత్రి 9 నుంచి 10 మాత్రమే" అని ఉంది. కింద పెన్సిలుతో "పన్ను, 1,80,000, సెప్టెంబరు తరవాత" అని రాసి రెండు గీతలు కొట్టి ఉంది. ఏం పన్ను, ఆదాయపు పన్నా అనుకున్నాను మొదట. ఫోన్ చేస్తే చెప్పింది, నోట్లో పన్ను. జూన్ నుంచి నొప్పి. జీతంలో కోసే ఏడు శాతంతో ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకుంటే ఇప్పుడు డబ్బు కట్టనక్కరలేదు, 2022 నుంచి అట్లా చేశారు. ప్రైవేటు డాక్టరు దగ్గరకు పోవాలంటే ముందే బోనో అనే చీటీ కొనుక్కుని పోతే ఫీజులో కొంత తగ్గుతుంది. కానీ పెద్దవాళ్ల పంటి వైద్యం చాలామట్టుకు సొంత డబ్బే. "లవంగం పెట్టుకుంటున్నానులేవే, తగ్గింది" అంది. లవంగాలు కూడా ఆ మనవాళ్ల కొట్టులోనే కొనాలి కదా అక్కా అంటే నవ్వింది.

నాయనతో చెప్పొద్దంది. నేను రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు రాత్రి ఆ రెండు పేజీలు ప్రింటు తీసి, ఆయన అన్నం తిని చేయి కడుక్కున్నాక ముందు పెట్టాను. మా నాయన పెట్టెల కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేసి రిటైరైనవాడు, అంకెలు ఆయనకు తొందరగానే చెప్తాయి. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరస వేలితో చూసుకుంటూ పోయాడు. ఊ-ఎఫె దగ్గర ఆగి ఇదేమని అడిగాడు, చెప్పాను. పెన్సిలు గీత దగ్గర ఆగి ఏమీ అడగలేదు. అమ్మ చెప్పింది చాలాసేపటి తరవాత, "దానికి చిన్నప్పుడూ ఆ పక్క పన్నే పుచ్చింది" అని.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆయనే ఫోన్ చేశాడు. అక్కడ అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, హీటర్ వేసే వేళ. "నెలకు పాతికవేలు చాలమ్మా. అంతకుమించి పంపితే తిప్పి పంపిస్తా" అన్నాడు. అక్క ఏదో చెప్పబోయింది. "నువ్వు నాకు లెక్క చెప్పొద్దు, నేను చూశాను" అన్నాడు. చీటీని మా చిన్నాన్న పేరుకు మార్చారు. మేడమీద పూర్తయిన గదిని నర్సింగు చదివే ఇద్దరు పిల్లలకు బాడుగకిచ్చాం, నెలకు 9,000. ఆ తొమ్మిదీ అక్క పాతికా కలిస్తే లోను వాయిదా సరిపోతుంది. రెండో గదికి ఇంకా పూత లేదు, అమ్మ అందులో వడియాలు ఎండబెడుతోంది.

సెప్టెంబరు 18 చిలీవాళ్లకు జాతీయ పండుగ. మన దీపావళి బోనసులాగ ఆ పండక్కి చాలా కంపెనీలు అగినాల్దో అని కొంత డబ్బిస్తాయి. బావ కంపెనీ ఇచ్చింది. దానితో పన్ను పని అయింది, క్వోతాలు మాత్రం జనవరి దాకా ఉన్నాయి. ఇప్పుడక్కడ చలి తగ్గి వీధిలో చెట్లు చిగురు వేస్తున్నాయంట, హీటర్ అటక మీదికెక్కింది. మా నాయన పొద్దున పేపర్లో బంగారం రేటు చూడడం అయ్యాక నా ఫోన్ తీసుకుంటున్నాడు. "ఏమే, ఈరోజు ఊ-ఎఫె ఎంత?" అని అడుగుతాడు. చెప్తే క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసుకుంటాడు.